పెంపుడు కుక్క – మన బాధ్యతలు

ఉపోద్ఘాతం

మీరు ఆస్టినాబాద్‌లో ఉంటున్నారనుకుందాం. వేసవి సెలవులకు పిల్లలను తీసుకుని ఓడలో విశాఖపట్నం వెళ్ళారు. అక్కడి నుంచి శ్రీకాకుళం జిల్లాలోని అమ్మమ్మగారి ఊరు చేరారు. ఒక సాయంత్రం మీ తొమ్మిదేళ్ళ అబ్బాయి వీధిలో కుక్కపిల్లతో ఆడుతుండగా అది చేతిమీద కరిచింది. పెద్ద గాయం కాదు. రెండు చుక్కల రక్తం వచ్చిందంతే. "మన దగ్గర కుక్కలు ఎంతమందిని కరవలేదు? ఎవరికి ఏమైంది గనుక?" అనుకుని మీరు గాయానికి పసుపు అద్ది ఊరుకున్నారు.

ఈ నిర్ణయం సరైనదేనా? కాదు. గాయం చిన్నదే కావచ్చు, కాని ఈ పొరపాటు ఆ పిల్లవాడి ప్రాణానికే ముప్పు తేవచ్చు. అండమాన్‌లో పుట్టి పెరిగినవారు ఈ పొరపాటు చేయడానికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది. అదేమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం. దానితోపాటు కుక్కను పెంచేవారికి రోజూ ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులు కూడా చూద్దాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కుక్కను తెచ్చుకొనే ముందు ఆలోచించవలసిన విషయాలను చెప్పగలుగుతారు;
• కుక్కకు కావలసిన ఆహారం, నీడ, టీకాల గురించి వివరించగలుగుతారు;
• రేబిస్ విషయంలో దీవులకు, మెయిన్‌లాండ్‌కు గల తేడాను గుర్తించగలుగుతారు;
• కుక్క కరిచినప్పుడు వెంటనే చేయవలసిన పనులను వరుసగా చేయగలుగుతారు;
• కుక్క వల్ల ఇరుగుపొరుగువారికి, వన్యప్రాణులకు హాని కలగకుండా జాగ్రత్తపడగలుగుతారు.

1. దీవులకు కుక్క ఎలా వచ్చింది?

ఈ రోజు శ్రీవిజయపురంలో గాని, దాన్ని ఆనుకుని ఉన్న ఊళ్ళలో గాని కుక్క కనబడని వీధి లేదు. (2024 వరకు ఈ నగరం పేరు పోర్ట్ బ్లెయిర్.) అందువల్ల కుక్కలు ఇక్కడ అనాదిగా ఉన్నాయని మనం అనుకుంటాం. నిజానికి అండమాన్ ఆదివాసులకు ఒకప్పుడు కుక్క అంటే తెలియదు. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ ఖైదీల వలసను స్థాపించిన తరువాతనే కుక్కలు వచ్చాయి. ఆ తరువాత ఆదివాసులు వాటిని మచ్చిక చేసుకుని అడవి పందుల వేటకు ఉపయోగించడం నేర్చుకున్నారు.

కుక్క ఒక్కటే కాదు, మనలో చాలామంది పూర్వులు కూడా ఓడ ఎక్కి వచ్చినవారే. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. పెళ్ళిళ్ళకు, పండుగలకు, వైద్యానికి తెలుగువారు సముద్రం దాటి వెళ్ళి వస్తూనే ఉంటారు. ఈ రాకపోకలకు, కుక్కల పెంపకానికి సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. 4వ భాగం చదివాక ఆ సంబంధం మీకే బోధపడుతుంది.

2. తెచ్చుకొనే ముందు ఆలోచించండి

కుక్కపిల్ల ముద్దుగా ఉంటుంది. కాని అది 10 నుంచి 15 ఏళ్ళు బతుకుతుంది. ఈ రోజు పదేళ్ళున్న మీ అమ్మాయి పెళ్ళీడుకు వచ్చే వరకు అది మీ ఇంట్లో ఉంటుందన్నమాట. కాబట్టి ఈ కింది ప్రశ్నలు వేసుకోండి.

(అ) రోజూ దానికి తిండి పెట్టి, బయట తిప్పేది ఎవరు? "అందరం చూసుకుంటాం" అన్న ఇంట్లో చివరకు ఎవరూ చూడరు. ఒకరి పేరు ముందే నిర్ణయించండి.

(ఆ) ఇంట్లో అందరూ ఊరు వెళితే ఎవరు చూస్తారు? ఓడ ప్రయాణానికే మూడు రోజులు పట్టే చోట ఇది చిన్న ప్రశ్న కాదు. కుక్కను నెల రోజులు వీధికి వదిలి వెళ్ళడం పెంపకం అనిపించుకోదు.

(ఇ) అద్దె ఇల్లయితే ఇంటివారు ఒప్పుకున్నారా?

(ఈ) టీకాలకు, మందులకు ఏటా కొంత డబ్బు కేటాయించగలరా?

ఏ జాతి కుక్క మంచిది అని చాలామంది అడుగుతారు. మందమైన బొచ్చు గల చలిదేశపు జాతులకు మన ఉక్కపోత పడదు. ఇక్కడ ఏడాదిలో సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. గాలిలో తేమ ఎక్కువ. అటువంటి బొచ్చు తడిసి సరిగా ఆరకపోతే చర్మవ్యాధులు వస్తాయి. ఊరకుక్క పిల్లకు బొచ్చు పొట్టి, ఈ వాతావరణం అలవాటు. దాన్ని శ్రద్ధగా పెంచితే అది ఏ జాతి కుక్కకూ తీసిపోదు. తల్లి దగ్గర కనీసం 8 వారాలు పాలు తాగిన పిల్లనే తెచ్చుకోవాలి.

3. తిండి, నీరు, నీడ

కుక్క మనం పెట్టిందల్లా తింటుంది. అయితే మనం తినేవన్నీ దానికి మంచివి కావు. అన్నంలో ఉడికించిన చేప, గుడ్డు లేదా మాంసం కలిపి, ఉప్పు కారం లేకుండా పెట్టండి. చేప ముళ్ళు తీసివేయండి. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి కాబట్టి వాటిని పెట్టకూడదు. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కకు విషంతో సమానం. ఉల్లిపాయ కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తుంది. అందుచేత మిగిలిన కూర పారబోయడం ఎందుకని దానికి పెట్టే అలవాటు మంచిది కాదు.

శుభ్రమైన నీరు రోజంతా అందుబాటులో ఉండాలి. వానకు తడవని, నేల ఆరిన చోటు పడుకోవడానికి ఉండాలి. వర్షాకాలంలో చెవుల వెనుక, మెడపట్టీ కింద, వేళ్ళ సందుల్లో పిడుదులు పడతాయి. వారానికి రెండుసార్లయినా వేళ్ళతో తడిమి చూడండి.

పగలంతా గొలుసుతో కట్టివేసిన కుక్క కోపిష్టి అవుతుంది. కుక్కను అకారణంగా చాలాసేపు, పొట్టి గొలుసుతోగాని బరువైన గొలుసుతోగాని కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. తగినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం కూడా అదే చట్టం కింద నేరమే.

పాఠగత ప్రశ్నలు – 1

ఖాళీలను పూరించండి.
1. అండమాన్‌కు కుక్కలు ________ సంవత్సరం తరువాత వచ్చాయి.
2. తల్లి దగ్గర కనీసం ________ వారాలు ఉన్న కుక్కపిల్లనే తెచ్చుకోవాలి.
3. కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీసే వంటింటి పదార్థం ________.

4. సముద్రమే కంచె

రేబిస్ అనేది వైరస్ వల్ల వచ్చే జబ్బు. దీన్నే మనం 'పిచ్చికుక్క కాటు జబ్బు' అంటాం. జబ్బుపడిన జంతువు చొంగలో ఈ వైరస్ ఉంటుంది. కాటు ద్వారా అది మన శరీరంలో ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి నరాల వెంట నెమ్మదిగా మెదడు వైపు ప్రయాణిస్తుంది. ఇందుకు మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారం రోజులకే రావచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు. గాయం మెదడుకు దగ్గరగా, అంటే ముఖం మీదో మెడ మీదో ఉంటే ప్రమాదం ఎక్కువ. మెదడును చేరి లక్షణాలు బయటపడిన తరువాత ఈ జబ్బుకు చికిత్స లేదు. దాదాపు ప్రతి రోగీ మరణిస్తాడు. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి 99 వంతులు కుక్కల ద్వారానే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

వైరస్ ఇంత నెమ్మదిగా నడుస్తుంది కాబట్టే, కరిచిన తరువాత టీకా వేసినా మనిషి బతుకుతాడు. టీకా వల్ల పుట్టిన రక్షణ శక్తి వైరస్ కంటే ముందుగా సిద్ధమవుతుంది. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ ఈ సూత్రాన్ని మొదటిసారి ఒక పిల్లవాడి మీద ప్రయోగించి అతణ్ణి కాపాడాడు. ఆ పిల్లవాడి పేరు జోసెఫ్ మైస్టర్. వయస్సు తొమ్మిదేళ్ళు. మన పాఠం మొదట్లో కనిపించిన అబ్బాయి వయస్సే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన దేశంలో రేబిస్ దాదాపు అన్ని ప్రాంతాలలోనూ ఉంది. అయితే జాతీయ మార్గదర్శకాలు అండమాన్ నికోబార్ దీవులను, లక్షదీవులను ఇందుకు మినహాయింపుగా పేర్కొంటున్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. జబ్బుపడిన కుక్క ఒక జిల్లా నుంచి మరొక జిల్లాకు నడిచి వెళ్ళగలదు. వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉన్న సముద్రాన్ని ఈదలేదు. సముద్రమే మనకు కంచె అయింది.

ఈ కంచె గురించి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది: కంచెకు గేటు ఉంది. ఆ గేటు మన ఓడరేవు, మన విమానాశ్రయం. మెయిన్‌లాండ్ నుంచి టీకా లేని కుక్కపిల్లను సంచిలో దాచి తెచ్చేవారు, తమకు తెలియకుండానే జబ్బును కూడా తేవచ్చు. వైరస్ సోకిన కుక్క వారాల తరబడి ఆరోగ్యంగానే కనబడుతుంది. కాబట్టి "చలాకీగానే ఉంది కదా" అన్నది సాక్ష్యం కాదు. కుక్కను తేదలచుకుంటే టికెట్ కొనకముందే పశుసంవర్ధక శాఖ కార్యాలయానికి వెళ్ళి, ఏ అనుమతి, ఏ పత్రాలు కావాలో అడిగి తెలుసుకోండి. ఓడ లేదా విమాన సంస్థ నియమాలు కూడా కనుక్కోండి. అంతకంటే మంచి మార్గం దీవులలో పుట్టిన పిల్లనే పెంచుకోవడం.

రెండవది: కంచె దీవులకు ఉంది, మనకు లేదు. ఆస్టినాబాద్‌లో పెరిగిన మనిషికి కుక్కకాటు అంటే భయం ఉండకపోవచ్చు. ఆ ధీమా అతనితోపాటు ఓడ ఎక్కి విశాఖపట్నంలో దిగుతుంది. అక్కడ అది పనికిరాదు. మన అబ్బాయి గాయానికి పసుపు అద్ది ఊరుకోవడం ఎందుకు తప్పో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

5. కుక్క కరిస్తే ఏం చేయాలి?

ఎక్కడ కరిచినా ఈ వరుస పాటించండి.

(1) గాయాన్ని వెంటనే కుళాయి కింద గాని, చెంబుతో నీళ్ళు పోస్తూ గాని సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగండి. ఒట్టి నీళ్ళతో ఒకసారి తుడిస్తే సరిపోదు. వైరస్‌ను గాయంలోనే తగ్గించే పని ఇది. దీనికి పైసా ఖర్చు లేదు.

(2) పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు వంటివి పూయకూడదు. గట్టిగా కట్టు కట్టకూడదు.

(3) అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం రాకుండా గీరుకుపోయినా టీకా అవసరం. రక్తం వచ్చినా, పుండు మీద గాని నోటిలో, కంటిలో గాని కుక్క చొంగ పడినా టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా గాయం చుట్టూ వేస్తారు. టీకా పనిచేయడం మొదలుపెట్టే వరకు ఇది రక్షణ ఇస్తుంది.

(4) మొదటి సూదితో ఆపకూడదు. చేతి కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28వ రోజులలో వేస్తారు. మొదటి సూది వేసిన రోజును '0' రోజుగా లెక్కిస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజులలో వేస్తారు. తేదీలు కాగితం మీద రాయించుకోండి. మధ్యలో తిరుగు ప్రయాణం ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి, మిగిలిన సూదులు ఎక్కడ వేయించుకోవాలో అడగండి. ఆ కాగితాన్ని టికెట్‌తోపాటు భద్రంగా పెట్టుకోండి.

(5) కరిచిన కుక్కను చంపకూడదు. అది ఎవరిదో తెలిస్తే 10 రోజులు కనిపెట్టి చూడాలి. ఆ పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మిగిలిన సూదులు అవసరమా కాదా అన్నది ఆయన నిర్ణయిస్తారు. కాని పది రోజులు చూసి అప్పుడు వేయించుకుందామని మొదటి సూదిని వాయిదా వేయకూడదు.

"బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారట" అని భయపడేవారు ఇంకా ఉన్నారు. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ పాతకాలపు టీకాను మన దేశంలో 2005 నుంచి వాడటం లేదు. ఇప్పటి సూది మామూలు సూదే. గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు కూడా వేయవచ్చు.

దీవులలో కరిచినా ఆసుపత్రికి వెళ్ళవలసిందేనా? వెళ్ళవలసిందే. కాటు వల్ల ధనుర్వాతం రావచ్చు, గాయం చీము పట్టవచ్చు. ఆ కుక్క ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియకపోవచ్చు. టీకా అవసరమా కాదా అన్నది డాక్టరు తేల్చవలసిన విషయం.

పాఠగత ప్రశ్నలు – 2

కింది వాక్యాలు సరైనవో, తప్పో గుర్తించండి.
1. కుక్క చలాకీగా ఉంటే దానికి రేబిస్ సోకలేదని చెప్పవచ్చు.
2. కాటు గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడగాలి.
3. కుక్కను పది రోజులు చూసిన తరువాతే మొదటి సూది వేయించుకోవాలి.

6. మరొక జబ్బు – లెప్టోస్పైరోసిస్

రేబిస్ విషయంలో సముద్రం మనల్ని కాపాడింది. అయితే ఈ దీవుల తడి నేల మరొక జబ్బుకు చోటిచ్చింది. 1988లో ఉత్తర అండమాన్‌లోని డిగ్లిపూర్ ప్రాంతంలో జ్వరం, ఊపిరితిత్తుల నుంచి రక్తం పడటం వంటి లక్షణాలతో కొందరు జబ్బుపడ్డారు. కారణం తెలియక దాన్ని 'అండమాన్ రక్తస్రావ జ్వరం' అన్నారు. 1990లలో పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు అది లెప్టోస్పైరోసిస్ అని గుర్తించారు.

ఈ జబ్బును కలిగించే సూక్ష్మజీవులు ఎలుకలు, పశువులు, పందులు, కుక్కల మూత్రంలో ఉంటాయి. ఆ మూత్రం కలిసిన నీటిలో, బురదలో మనం నడిచినప్పుడు కాళ్ళ పగుళ్ళ ద్వారా, గాయాల ద్వారా లోపలికి ప్రవేశిస్తాయి. జ్వరం, తలనొప్పి, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడటం దీని లక్షణాలు. కొందరికి కామెర్లు వస్తాయి. తొందరగా గుర్తిస్తే మందులతో నయమవుతుంది. కాబట్టి వర్షాకాలంలో జ్వరం వస్తే, ఇంట్లో కుక్క ఉందని, పొలంలో లేదా బురదలో పనిచేశానని డాక్టరుకు చెప్పండి.

మరి కుక్కను వదిలేయాలా? అక్కరలేదు. కుక్కకు వేసే టీకాలలో ఈ జబ్బుకు కూడా మందు కలిపి ఉన్నవి దొరుకుతాయి. ఈ జబ్బులోని అన్ని రకాలనూ అవి అడ్డుకోలేవు కాబట్టి జాగ్రత్తలు మానకూడదు. కుక్క మూత్రం పోసిన చోట నీళ్ళు పోసి కడగండి. కడిగేటప్పుడు చెప్పులు తప్పక వేసుకోండి. కుక్క తినగా మిగిలిన తిండిని రాత్రిపూట బయట వదిలితే ఎలుకలు చేరతాయి. గిన్నె కడిగి బోర్లించండి.

కుక్కకు వేయించవలసిన టీకాల వివరాలు:
• 6 నుంచి 8 వారాల వయస్సు: పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు మొదటి టీకా. తరువాత పశువైద్యుడు చెప్పిన తేదీలలో మళ్ళీ వేయించాలి.
• 3 నెలల వయస్సు: రేబిస్ టీకా. తరువాత ఏటా ఒకసారి.
• నులిపురుగుల మందు: చిన్నప్పుడు తరచుగా, పెద్దయ్యాక సుమారు మూడు నెలలకొకసారి, పశువైద్యుని సలహా మేరకు.

రేబిస్ లేని దీవులలో రేబిస్ టీకా దండగ కదా అని మీరు అనవచ్చు. ఇంట్లో దొంగలు పడలేదని తలుపుకు గడియ పెట్టడం మానుకోం కదా! గేటు దాటి జబ్బు వచ్చిన రోజున, టీకా వేసిన కుక్కలే దాన్ని వ్యాపించకుండా ఆపుతాయి.

7. ఇరుగుపొరుగు, వీధి, సముద్రతీరం

ఆడకుక్క మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. సుమారు 63 రోజులకు పిల్లలు పెడుతుంది. ఒక ఈతలో నాలుగైదు పిల్లలు పుట్టాయనుకోండి. ఒకటో రెండో ఎవరైనా తీసుకుంటారు. మిగిలినవి ఏమవుతాయి? చాలా ఊళ్ళలో వాటిని మార్కెట్ దగ్గరో, బీచ్ దగ్గరో వదిలివస్తారు. కుక్కను ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలివేయడం కూడా 1960 చట్టం కింద నేరమే. పశువైద్యుని చేత సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించడమే ఇందుకు సరైన మార్గం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పెంపుడు కుక్కకు ఈ శస్త్రచికిత్స చేయించే బాధ్యత యజమానిదే.

బీచ్ దగ్గర వదిలిన కుక్క తన తిండి తాను వెతుక్కుంటుంది. ఉత్తర అండమాన్‌లోని కాలీపూర్ వంటి ఇసుక తీరాలకు సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వీధికుక్కలు ఆ గూళ్ళను తవ్వి గుడ్లు తింటాయి, పిల్లలను పట్టుకుంటాయి. నీటివైపు పాకుతున్న తాబేలు పిల్లకు కుక్క నుంచి తప్పించుకునే దారి లేదు. ఆ దీవిలో లక్షల ఏళ్ళుగా కుక్కే లేదు కదా! కాబట్టి తీరానికి వెళ్ళినప్పుడు కుక్కను తాడుతో పట్టుకోండి. రాత్రిళ్ళు ఇంట్లోనే ఉంచండి.

వీధిలో నడిపించేటప్పుడు కూడా తాడు మీ చేతిలోనే ఉండాలి. "మా కుక్క ఏమీ అనదు" అన్న మాట కుక్క గురించి మీకు తెలిసిన సంగతి. ఎదురుగా వస్తున్న చిన్నపిల్లకు ఆ సంగతి తెలియదు. పెంపుడు జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గాని, తీవ్రమైన గాయం గాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు.

మీ పిల్లలకు ఈ నాలుగు మాటలు నేర్పండి: తింటున్న కుక్కను తాకవద్దు. నిద్రపోతున్న కుక్కను లేపవద్దు. పిల్లలకు పాలిస్తున్న కుక్క దగ్గరకు పోవద్దు. కుక్క కరిచినా, గీరినా ఇంట్లో దాచవద్దు. నాలుగో మాట అన్నిటికంటే ముఖ్యం. తిడతారన్న భయంతో పిల్లలు కాటును దాచిపెడతారు. కాబట్టి చెప్పిన పిల్లవాణ్ణి తిట్టకండి.

మీరు ఏం నేర్చుకున్నారు?

• కుక్క 10–15 ఏళ్ళు బతుకుతుంది. ముందుగా ఆలోచించిన తరువాతే తెచ్చుకోవాలి.
• సముద్రం అండమాన్ దీవులను రేబిస్ నుంచి కాపాడింది. టీకా లేని కుక్కను తెచ్చి ఆ రక్షణను పోగొట్టకూడదు.
• మెయిన్‌లాండ్‌లో ఏ కాటునూ తేలికగా తీసుకోకూడదు. సబ్బుతో 15 నిమిషాలు కడగడం, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళడం, సూదులన్నీ పూర్తిచేయడం తప్పనిసరి.
• లెప్టోస్పైరోసిస్ దీవులలో ఉన్న జబ్బు. శుభ్రత, టీకా, చెప్పులు మనకు రక్షణ.
• కుక్క పిల్లలు, కుక్క కాటు, కుక్క మూత్రం – ఇవన్నీ యజమాని బాధ్యతే.

పాఠాంత ప్రశ్నలు

1. కాటు తరువాత వేసిన టీకా మనిషిని ఎలా కాపాడుతుంది?
2. "కంచె దీవులకు ఉంది, మనకు లేదు" అన్న మాటను ఒక ఉదాహరణతో వివరించండి.
3. మీ పొరుగువారు విశాఖపట్నం నుంచి కుక్కపిల్లను తేవాలనుకుంటున్నారు. వారికి ఏం సలహా ఇస్తారు? ఐదు వాక్యాలలో రాయండి.

కృత్యం

మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఉన్న కుక్కకు చివరి రేబిస్ టీకా ఏ తేదీన వేశారో అడిగి తెలుసుకోండి. తేదీ ఎవరికీ గుర్తు లేకపోతే, ఈ వారంలోనే దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళే రోజును నిర్ణయించి క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

పాఠగత ప్రశ్నలు – 1: 1. 1858  2. 8  3. ఉల్లిపాయ

పాఠగత ప్రశ్నలు – 2: 1. తప్పు  2. సరైనది  3. తప్పు